నాలుగు వేళ్ల మార్జిన్

మా ఇంట్లో న్యూస్‌పేపర్ చదివేది నేను. చదవడమంటే మనసులో చదువుకోవడం కాదు, పైకి చదవడం. పొద్దున్నే ముందుగదిలో కుర్చీ వేసుకుని మొదటి పేజీ విప్పితే, మా అమ్మ మోకాళ్లకు నూనె రాసుకుంటూ, మా ఆవిడ కూరగాయలు తరుగుతూ వినేవాళ్లు. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆగి వాళ్ల మొహాలు చూడాలో నాకు బాగా తెలుసు. పద్దెనిమిదేళ్లు అలాగే గడిచాయి. కాలేజీ లైబ్రరీ వెనక రేకుల షెడ్డులో పుస్తకాలకు బైండింగ్ చేసుకునేవాడికి ఇంతకన్నా పెద్దపీట ఎవరు వేస్తారు?

ఒక్క వానాకాలంలో ఆ పీట కాస్తా పోయింది.

వానలు మొదలైన వారంలోనే మా ఆవిడ మా కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరింది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య మూడో బెంచీలో కూర్చునేది. మొదటి రోజు ‘ఆంటీ’ అన్నారట. రెండో వారానికి అక్క అయింది. మిగతా సబ్జెక్టుల మాట ఎలా ఉన్నా ఒక్కటి మాత్రం ఆవిడను పట్టేసింది. చదివినదాన్ని ప్రశ్నించడం, అనుకున్నదాన్ని సూటిగా రాయడం, ఇదీ ఆ సబ్జెక్టు. అది చెప్పే మేడం రిటైర్‌మెంట్‌కు దగ్గరపడిన మనిషి. బక్కపలచగా ఉంటుంది, మెడలో తాడుకు కళ్లద్దాలు వేలాడుతుంటాయి, చేతిలో పెన్సిల్ లేకుండా నేనెప్పుడూ చూడలేదు. మేడం మగవాడై ఉంటే ఆ తర్వాత నాకు పట్టుకున్న జబ్బుకు అందరికీ తెలిసిన పేరొకటి ఉండేది. అదీ లేకపోయింది.

మొదటి దెబ్బ న్యూస్‌పేపర్ దగ్గరే తగిలింది. ఆ రోజు నేను మంచి ఊపు మీద ఉన్నాను.

“నగరంలో రోడ్డు ప్రమాదాలు సగానికి సగం తగ్గాయి!” అని చదివి, ఆగి, ఇద్దరి మొహాలూ చూశాను.

“ఎప్పటితో పోలిస్తే అండీ?” అంది మా ఆవిడ, తరగడం ఆపకుండానే.

“ఎప్పటితో ఏమిటి? తగ్గాయని వేశారుగా.”

“వేశారు సరే. లెక్కపెట్టింది ఎవరో వేశారా?”

వెతికాను. వేయలేదు. ‘అధికార వర్గాలు తెలిపాయి’ అని మాత్రం ఉంది.

“అవున్రా, ఎవరు లెక్కపెట్టారు?” అంది మా అమ్మ. అమ్మకు అక్షరమ్ముక్క రాదు. పద్దెనిమిదేళ్లలో నన్ను ఎదురు ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

“వింటారా, ఆపెయ్యమంటారా?” అన్నాను.

“వింటున్నాను కాబట్టే అడుగుతున్నానండీ,” అంది మా ఆవిడ. ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు ఒళ్లు మండింది అందుకే.

ఆ తర్వాత అమ్మ నూనె సీసా వంతు వచ్చింది. వారం తిరక్కుండా మొదటి వ్యాసం రాయమన్నారట. రోజూ కళ్లబడే అచ్చుకాగితం ఏదో ఒకటి తీసుకుని దాన్ని నిలదీయాలి. మా ఆవిడ సీసా మీది చీటీ పట్టుకుంది.

“పదిమంది వాడితే తొమ్మిదిమందికి గుణం కనిపించిందని ఉంది అత్తయ్యా. ఏ పదిమందో రాయలేదు. పదో మనిషి ఏమైందో కూడా రాయలేదు.”

“ఆ పదోదాన్ని నేనే అమ్మాయ్,” అంది మా అమ్మ, మోకాలు పట్టుకుని.

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను కానీ కాస్త ఆలస్యంగా. ఇంట్లో నవ్వించే ఉద్యోగం కూడా అప్పటిదాకా నాదే.

ఆ వ్యాసం దిద్ది వచ్చిన రోజు మా ఆవిడ కాగితాలు బల్ల మీద పరుచుకుని కూర్చుంది. ఒక వైపే రాసిన కాగితాలు. ప్రతిదానికీ కుడివైపు నాలుగు వేళ్ల ఖాళీ వదిలి ఉంది. ఆ ఖాళీలో మేడం పెన్సిల్‌తో సన్నగా ప్రశ్నలు రాసింది. ‘ఇది మీ ఊహా, చూసిన సంగతా?’ ‘ఈ వాక్యం తీసేస్తే నష్టం ఏమిటి?’ ‘సీసా కంపెనీ మనిషి మీ పక్కన కూర్చుని ఉంటే ఏమంటాడు?’ ఒక్కో ప్రశ్న కింద మా ఆవిడ నీలం ఇంకుతో జవాబు రాయాలి. ఆ తర్వాత వ్యాసం మొత్తం తిరగరాయాలి.

“ఇన్ని తప్పులా?” అన్నాను భుజం మీదుగా తొంగిచూసి. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది.

“తప్పులు కావండీ. అడుగుతోంది.”

“అడగడమెందుకు, మార్కులు వేసి పడేస్తే పోదా?”

“నేను రాసింది ఇంత శ్రద్ధగా ఇప్పటిదాకా ఎవరూ చదవలేదు,” అంది మా ఆవిడ. కళ్లు కాగితం మీదే ఉన్నాయి.

ఆ మాట నన్ననలేదు. నాకు మాత్రం సూటిగా గుండెల్లో గుచ్చుకుంది. పెళ్లయిన కొత్తలో పుట్టింటి నుంచి నాకు ఉత్తరాలు రాసేది. వాటిని ఎంత శ్రద్ధగా చదివానా అని గుర్తు తెచ్చుకోబోయాను. ఎన్ని ఉత్తరాలో కూడా గుర్తురాలేదు.

అసూయ. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు చాలాకాలం పట్టింది. అప్పట్లో దానికి వేరే పేర్లు పెట్టుకున్నాను. ఇంటిపని వెనకబడుతోందని, అమ్మకు తోడు లేదని, ఈ వయసులో కళ్లు పాడవుతాయని. మా అమ్మ ఒక్కటీ నమ్మలేదు. “నాకు తోడు బాగానే ఉందిరా. నీ మొహమే బాగాలేదు,” అంది.

వానాకాలం మాకు పాడుకాలం. జిగురు ఆరదు, అట్టలు వంగిపోతాయి. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం ఒక పిసరు ఎక్కువ కలపాలి. నేను ఆ అవస్థలో ఉంటే ఆవిడ క్లాసు పిల్లలు షెడ్డు గుమ్మంలోకి వచ్చి గొడుగులు దులిపేవాళ్లు. “అక్క ఇటు వచ్చిందా అంకుల్?” అని. చేతుల్లో వ్యాసాలు. గైడ్లు బట్టీపట్టి మార్కుల మీద మార్కులు తెచ్చుకున్న పిల్లలే, సొంతంగా ఒక పేజీ రాయాలంటే చేతులు వణుకుతున్నాయని ఆవిడ చుట్టూ చేరేవాళ్లు. ఆవిడ దిద్దేది కాదు. మేడంలాగే అడిగేది. ఒక అమ్మాయి నా ఎదుటే అంది, “అక్కకు చూపించాక, నేను రాసింది నేనే మొదటిసారి చదువుకున్నట్టుంది అంకుల్.” ఇరవై రెండేళ్లుగా అదే షెడ్డులో ఉన్నాను. ఆ వానాకాలంతో నేను అక్కగారి భర్తనైపోయాను.

నడివానల్లో నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. ‘విద్యార్థుల కోరిక మేరకు’ లైబ్రరీని ఇకపై నాలుగు గంటలకే మూసేస్తారని. మాలాంటి వాళ్లకు సంబరమే. పిల్లలు మాత్రం అరిచారు, బోర్డు అద్దం మీద రంగు పూశారు, ఒకరోజు క్లాసులకు వెళ్లలేదు. ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో రోజున మా ఆవిడ, ఆ మూడో బెంచీ పిల్లలు కలిసి ఒక పేజీ రాసి ఇచ్చారు. అందులో కేకల్లేవు, దండాలు లేవు. కోరింది ఏ విద్యార్థులు, ఆ కోరిక కాగితం ఎక్కడుంది, నాలుగు తర్వాత లైబ్రరీలో సంతకం పెట్టినవాళ్లు గత నెలలో రోజుకు ఎంతమంది? ఈ మూడూ అడిగి, మూడోదానికి జవాబు రిజిస్టరులోంచి తీసి వాళ్లే రాశారు. అరవై ఒక్కమంది.

వారంలో నోటీసు మాయమైంది. లైబ్రేరియన్ షెడ్డుకు వచ్చి మరీ చెప్పాడు. “మీ ఆవిడ రాసిందటగా! నేను రెండుసార్లు చదివానయ్యా. కాదనడానికి సందు లేదు. అదృష్టవంతుడివి.”

“అవునండీ,” అన్నాను. ఆ సాయంత్రం మళ్లీ ఎప్పటిలా ఆరున్నరకు తలుపులేసి ఇంటికొచ్చాను. అన్నం సయించలేదు.

టర్ము చివరికొచ్చింది. ఆ సబ్జెక్టుకు పరీక్ష లేదు. ఆరు వ్యాసాలూ, మొదటి ప్రతి, తిరగరాసిన ప్రతి వరసగా పెట్టి, ఒక పుస్తకంగా బైండ్ చేయించి ఇవ్వాలి. బయటి కాలేజీ నుంచి వచ్చినవాళ్లు చూస్తారు. సగం మార్కులు వ్యాసాలకు, సగం మార్జిన్లలో జరిగిన ప్రశ్నలకూ జవాబులకూ. మనిషి ఆలోచన ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో అందులోనే తెలుస్తుందట.

మా ఆవిడ కట్ట తెచ్చి నా చేతుల్లో పెట్టింది. “పిల్లలందరూ బయట షాపులో ఇస్తున్నారు. నాకేం ఖర్మ? మీరుండగా.”

షెడ్డులో మధ్యాహ్నం భోజనాలయ్యాక కట్ట విప్పాను. బయట కుండపోత. బైండర్లు పుస్తకాలు చదవరు. పేజీ నంబరు చూస్తారు, మడత చూస్తారు, అంతే. ఆ రోజు నేను చదివాను. వ్యాసాలు కాదు, మార్జిన్లే చదివాను. ఐదో వ్యాసం పేరు ‘మా ఇంట్లో న్యూస్‌పేపర్’. ఆ పక్కన పెన్సిల్‌తో మేడం అడిగింది, ‘ఈ పద్దెనిమిదేళ్లూ మీరు విన్నది ఏమిటి? వార్తలనా, ఆయన్నా?’ దాని కింద నీలం ఇంకు. ‘ఇప్పుడు ఆలోచిస్తే ఒక్క వార్త కూడా నేను సరిగ్గా వినలేదు.’

అక్కడితో ఆపేశాను. అరికాలి మంట నెత్తికెక్కింది. పద్దెనిమిదేళ్లు గొంతు చించుకున్నది గోడకా? దాన్ని తీసుకెళ్లి ఎవరికో చెప్పుకోవడమా? అదీ నా కాలేజీలో, నా లైబ్రరీ పక్కన?

కాగితాలు సర్ది, ఎడమవైపు కుట్టు వేసి, వెన్నుకు జిగురు రాశాను. మర్నాటికి ఆరింది. కటింగ్ మిషన్‌లో పెట్టి పైఅంచు ఒక నూలు మందం కోశాను, కింది అంచు అంతే. కుడి అంచుకు వచ్చేసరికి వెనక పలకను జరిపే చక్రం ఎన్ని చుట్లు తిప్పాలో అన్ని చుట్లూ తిప్పాను. కత్తి దిగింది. ఆ ముక్కలు మిగతా కత్తిరింపులతో పాటు గోనెసంచిలో పడ్డాయి. సాయంత్రం చిత్తు కాగితాల వాడు వచ్చి సంచి పట్టుకుపోయాడు.

ఆ తర్వాత మూడు రోజులు ఆ పుస్తకానికి నేను చేసిన సేవ ఇంకే పుస్తకానికీ చేయలేదు. అట్టలు కొత్త కొలతకు కోశాను. ముదురాకుపచ్చ బట్ట అంటించాను, గాలి బుడగ ఒక్కటి లేకుండా. మీద బంగారు రంగు అక్షరాలు. వంగకుండా రెండు రోజులు బరువు కింద ఉంచాను. ఇవ్వాల్సిన రోజు పొద్దున ఇంట్లో ఆవిడ చేతికిచ్చాను.

“అబ్బ, ఎంత బాగుందండీ!” అంది. అట్ట నిమిరింది. తెరిచింది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ. తర్వాత చివరికి వెళ్లి చూసింది.

“మార్జిన్లేవి?”

“అదే చెబుదామనుకుంటున్నా. మిషన్ పలక జారిందే. పాత మిషన్, వానకు తుప్పు...”

“జారిందని ఎప్పుడు తెలిసింది?”

“కోశాక.”

పుస్తకాన్ని కళ్ల ఎత్తుకు లేపి అంచు చూసింది. “జారితే వంకర రావాలి కదండీ. గీత గీసినట్టుంది.”

నేను న్యూస్‌పేపర్ తీసి విప్పాను.

“కోశాక తెలిసింది. ఆ తర్వాత అట్టలు కొలిచి కోశారు, బట్ట వేశారు, అక్షరాలు వేశారు. పొరపాటు జరిగిందని తెలిసినవాళ్లు పరుగెత్తుకొచ్చి చెప్తారు. ఇంత అందంగా అట్ట వెయ్యరు.”

వంటగది గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉంది. నా పనితనమే నన్ను పట్టిచ్చింది. రెండు కుట్లు వదులుగా వేసి ఉంటే తప్పించుకునేవాణ్ణేమో.

“ఐదో వ్యాసం చదివారా?” అంది మా ఆవిడ.

“... చూశాను.”

“మేడం ప్రశ్న కింద మొత్తం ఐదు లైన్లు రాశాను. ఎన్ని చదివారు?”

“ఒకటి.”

“మిగతా నాలుగూ?”

“ఏం రాశావ్?”

“మీరు కోసేశారుగా,” అంది. అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదు. బ్యాగులో పుస్తకం పెట్టుకుని వెళ్లిపోయింది.

ప్రమాదమని రుజువు కాగితం ఉంటే మళ్లీ రాసివ్వడానికి కొత్త గడువు ఇస్తారని మేడం చెప్పిందట. ఆ మాట లైబ్రేరియన్ ద్వారా విని, నేనే ఒక లెటర్ రాశాను. లైబ్రేరియన్ సంతకం కూడా పెట్టించి ఆ సాయంత్రమే మా ఆవిడకిచ్చాను. నిలబడే చదివి, మడిచి, బ్యాగులో వేసుకుంది. హమ్మయ్య అనుకున్నాను.

ఫలితాలు వచ్చేదాకా పదిహేను రోజులూ పొద్దున్నే మామూలుగానే చదివాను. మా ఆవిడ మామూలుగానే కూరగాయలు తరిగింది. ఒక్క ప్రశ్న అడగలేదు. ఒకరోజు కావాలనే ఓ పిచ్చి వార్త ఎంచుకుని చదివాను, ఎవరైనా లేచి ఇదేం లెక్క అనాల్సిన వార్త. ఆగి మొహం చూశాను. ఆవిడ తలెత్తలేదు. గోడకు చదవడం అంటే ఏమిటో ఆ పదిహేను రోజుల్లో తెలిసింది. పోనీ అమ్మయినా అడుగుతుందేమోనని చూశాను. అమ్మ కూడా కోడలి వైపే.

ఫలితాలు వచ్చాయి. అన్ని సబ్జెక్టులూ పాస్, ఆ ఒక్కటీ పోయింది. లైబ్రేరియన్ చెప్పేదాకా నాకు కారణం తెలియదు. “ఆ లెటర్ ఇవ్వనే లేదటయ్యా మీ ఆవిడ. ఇచ్చుంటే గడువొచ్చేది. ఎందుకలా చేసింది?”

ఇంటికెళ్లేసరికి లెటర్ బల్ల మీద ఉంది. నేను రాసినప్పుడు మార్జిన్ వదలలేదు, ఆ అలవాటు లేదు. అందుకని వాక్యాల మధ్య సందుల్లోనే నీలం ఇంకు. ‘మిషన్ పలక జారినందువల్ల’ అన్నదాని కింద ‘ఎవరు చూశారు?’ అని ఉంది. ‘ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇలాంటి పొరపాటు జరగలేదు’ అన్నదాని కింద ‘నిజమే’ అని ఉంది. చివరి వాక్యం నాకు బాగా నచ్చి రాసుకున్నది. ‘విద్యార్థిని నా భార్య. ఆమె చదువు పట్ల నాకు మొదటి నుంచీ ఎంతో గౌరవం ఉంది.’ దాని కింద ఒకటే మాట.

‘ఆధారం?’

మా ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చుంది. పెన్ను నా వైపు జరిపింది.

దీనికి నా దగ్గర ఆధారం లేకపోవడమా! వెంటనే రాశాను. ‘కాలేజీ దరఖాస్తు ఫారం తెచ్చింది నేనే. నింపింది నేనే. నీకిష్టం లేకపోయినా బతిమాలి సంతకం పెట్టించింది నేనే.’ కాగితం అటు తిప్పాను. చదివి, కింద రాసి, ఇటు తిప్పింది.

‘ఎందుకు?’

పక్కగదిలోంచి అమ్మ, “మాటలు పడిపోయాయా ఇద్దరికీ?” అంది. ‘స్టాఫ్ అందరిలో నా భార్యను చదివిస్తున్నానని చెప్పుకోవడానికి,’ అని రాశాను. అది నిజమే. కానీ సగం. మిగతా సగం రాయకుండా కాగితం అటు తిప్పితే మళ్లీ ప్రశ్న వస్తుందని తెలుసు. ఇంకో వాక్యం రాశాను.

‘రెండు నెలల్లో చేతకాక మానేస్తావనుకున్నాను.’

ఆవిడ చదువుతున్నంతసేపూ మొహం చూశాను. ఏడవలేదు, కోప్పడలేదు. పెన్నుకు మూత పెట్టింది.

“ఫారం మీద సంతకం పెట్టిన రోజే ఇది నాకు తెలుసండీ,” అంది. “మీకు తెలుసో లేదో అన్నదే తెలియలేదు.”

“ఇప్పుడేం చేద్దాం?”

“వచ్చే వానాకాలం మళ్లీ కూర్చుంటాను. ఆరు వ్యాసాలూ మళ్లీ రాస్తాను. బైండింగ్ మాత్రం బయట చేయించుకుంటాను.”

అన్నట్టే చేసింది. మరుసటి ఏడు ఆ సబ్జెక్టులో క్లాసుకల్లా ఎక్కువ మార్కులు ఆవిడవే. ఆ రెండో పుస్తకం మా ఇంట్లోనే ఉంది. కుట్టు వదులు, అంచు వంకర, అట్ట అప్పుడే పైకి లేచింది. చూస్తే చేతులు దురద పెడతాయి, కానీ ముట్టుకోను. ఒకరోజు ఆవిడను అడిగి తీసుకుని మొత్తం చదివాను. ఆ నాలుగు లైన్ల కోసం మార్జిన్లన్నీ, ఒక్క లైను వదలకుండా, చివరిదాకా చదివాను. ఐదో వ్యాసం ఈసారి బస్సు టికెట్ వెనక అచ్చువేసిన నిబంధనల మీద ఉంది.